బ్యాంకాక్ నుంచి హనోయి దాకా ఒంటరిగా, రోడ్డు దారిలో: సరిహద్దు దగ్గర అసలేం జరుగుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీకు 26 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. విమానంలో బ్యాంకాక్ చేరి, అక్కడి నుంచి రైల్లో లావోస్‌కు, లావోస్ నుంచి బస్సులో వియత్నాంకు ఒంటరిగా వెళ్లాలనుకుంటున్నారు. విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ ఎలా ఉంటుందో తెలుసు గానీ నేల మీద సరిహద్దు ఎప్పుడూ దాటలేదు. ఇది ప్రమాదమా, అక్కడ ఏం అడుగుతారు, ఏం దగ్గర పెట్టుకోవాలి అని అడిగారు. చివర్లో, ఇంట్లో అమ్మకు ఏమని చెప్పాలో తెలియడం లేదని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు: వెళ్లండి. మీరు ఎంచుకున్న దారి ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకు అనువైనదే. నా షరతులు రెండే. ఒకటి, సరిహద్దుకు పగటిపూటే, వీలైతే ఉదయమే చేరండి. రెండు, పాస్‌పోర్టులో పడిన ముద్రను మీ కళ్లతో చదువుకోకుండా ఆ కౌంటర్ దగ్గరి నుంచి అడుగు కదపకండి. పద్నాలుగేళ్లలో నాకు ఎదురైన ఇబ్బందులూ, తోటి ప్రయాణికులకు ఎదురవగా చూసినవీ దాదాపు అన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పినందువల్ల వచ్చినవే.

నేను మల్కాజిగిరిలో ఉంటాను. ఒక ప్రైవేటు సంస్థలో ఖాతాల పని. 2011 నుంచి దసరా సెలవులకో సంక్రాంతికో ఏడాదికి ఒకసారి బయలుదేరుతున్నాను. ఇప్పటికి 23 సార్లు నేల మీద సరిహద్దు దాటాను, అందులో 19 సార్లు ఒంటరిగానే. మీరు అడిగిన దారిలో రెండుసార్లు వెళ్లాను. కాబట్టి ఇక్కడ రాసేది నా అనుభవంలోనిదే.

విమానాశ్రయానికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇది. శంషాబాద్‌లో మీరు తప్పిపోవడానికి వీల్లేదు. గోడలు, తాళ్లు, బోర్డులు మిమ్మల్ని కౌంటర్ ముందుకే తీసుకెళ్తాయి. వీసా సరిగా లేకపోతే విమాన సంస్థవాళ్లే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. అంటే మీ తప్పును ఎవరో ఒకరు మీ ఊళ్లోనే పట్టుకుంటారు. నేల మీద ఆ కాపలా లేదు. టికెట్ అమ్మినవాడు వీసా చూడడు, బస్సు డ్రైవరూ చూడడు. ఒక దేశం కార్యాలయానికీ మరో దేశం కార్యాలయానికీ మధ్య ఒక వంతెన ఉండవచ్చు, ఒక బజారు ఉండవచ్చు, అర కిలోమీటరు మట్టి రోడ్డు ఉండవచ్చు. ఒక కౌంటర్‌ను దాటి వచ్చేశామని తెలియకుండానే దాటి వచ్చేయవచ్చు.

ఇది నాకు నా మొదటి ప్రయాణంలోనే తెలిసింది. గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి బస్సులో సునౌలీ చేరాను. భారత్, నేపాల్ మధ్య 1950 నాటి ఒప్పందం వల్ల మనకు వీసా లేదు, ముద్ర లేదు. సైకిళ్లూ, రిక్షాలూ, నెత్తిన మూటలతో ఆడవాళ్లూ ఎలా నడిచిపోతున్నారో నేనూ అలాగే కమాను కింద నుంచి నడిచిపోయాను. నాతో బస్సులో వచ్చిన ఒక జపాన్ విద్యార్థి కూడా నా పక్కనే నడిచాడు. నేపాల్ కౌంటర్‌లో అతని పాస్‌పోర్టు తిరగేసి, భారత్ నుంచి బయటికి వెళ్లిన ముద్ర లేదని వెనక్కి పంపారు. మన వైపు ఇమ్మిగ్రేషన్ కార్యాలయం రోడ్డు పక్క దుకాణాల వరుసలోనే ఉంది. జనంతో పాటు నడిచాం కాబట్టి మా ఇద్దరికీ కనిపించలేదు. ఆ జనానికి ముద్ర అక్కరలేదు, అతనికి కావాలి. సరిహద్దులో పక్కవాళ్లు చేసేది చూసి చేయకూడదు. వాళ్ల పాస్‌పోర్టు వేరు, మన పాస్‌పోర్టు వేరు. లావోస్‌లో మీ బస్సులో సగం మంది వియత్నాంవాళ్లే ఉంటారు. వాళ్లకు వర్తించే నియమాలు మీకు వర్తించవు.

అందుకే నేపాల్ వెళ్లి సాధన చేసి వస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే నేను ఒప్పుకోను. అది ఎంతో అందమైన ప్రయాణమే గానీ మనకు అక్కడ కౌంటర్ అనుభవం రాదు. నిజంగా తేలికైన మొదటి సరిహద్దు కావాలంటే థాయ్‌లాండ్, మలేషియాల మధ్య పడాంగ్ బెసార్ రైల్వే స్టేషన్ మంచిది. రెండు దేశాల కౌంటర్లూ ఒకే స్టేషన్‌లో ఉంటాయి. మీ దారి కూడా అంత కష్టమేమీ కాదు.

ఇక మీ మొదటి సరిహద్దు నోంగ్ ఖాయ్, లావోస్‌కు ఎదురుగా ఉన్న థాయ్ పట్టణం. బ్యాంకాక్ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారాక చేరుతుంది. మెకాంగ్ నది మీద 1994లో ప్రారంభమైన మొదటి మైత్రీ వంతెన ఇక్కడే ఉంది. పొడవు కిలోమీటరుకు పైనే. దాని మీద నడిచి వెళ్లనివ్వరు, అటూ ఇటూ తిరిగే చిన్న బస్సులు ఉంటాయి. 2024 జూలై నుంచి లావోస్ రాజధాని వియంటియాన్ దాకా నేరుగా రైలు కూడా ఉంది. అందులో వెళ్లినా నోంగ్ ఖాయ్‌లో దిగి థాయ్ ముద్ర వేయించుకుని మళ్లీ ఎక్కాలి. మొదటిసారి కాబట్టి వంతెన బస్సే మంచిదని నా అభిప్రాయం. రైలు వెళ్లిపోతుందన్న కంగారు ఉండదు. ఒక బస్సు పోతే ఇంకొకటి వస్తుంది.

జరిగేది వరుసగా ఇది. థాయ్ కౌంటర్‌లో పాస్‌పోర్టు ఇస్తారు, బయటికి వెళ్లే ముద్ర వేస్తారు. బస్సెక్కి నది దాటుతారు. లావోస్ ఒడ్డున దిగాక ముందు వీసా కిటికీ. అక్కడ ఫారం నింపి, ఫోటో, డాలర్లు ఇస్తే పాస్‌పోర్టులో ఒక పేజీ నిండా వీసా అంటిస్తారు. మన పాస్‌పోర్టుకు ఈ వంతెన దగ్గర అక్కడికక్కడే వీసా దొరుకుతుంది. తర్వాత ఇంకో కిటికీలో లోపలికి వచ్చిన ముద్ర. వీసా అంటించడం, లోపలికి వచ్చిన ముద్ర వేయడం రెండూ వేర్వేరు పనులు. వీసా కాగితం చూసుకుని పని అయిపోయిందనుకుని బయటికి నడిచేసేవాళ్లు ప్రతిసారీ ఒకరిద్దరు కనిపిస్తారు. వాళ్లలో మీరు ఉండకూడదు.

ముద్ర చదవడం అంటే మూడు విషయాలు చూడడం: ఈ రోజు తేదీ ఉందా, ఎన్నాళ్ల దాకా ఉండవచ్చో రాసిన తేదీ సరిగా ఉందా, సిరా చదవగలిగేలా పడిందా. తప్పుంటే అక్కడే, అప్పుడే, మర్యాదగా చూపించండి. ఒక నిమిషంలో సరిచేస్తారు. వారం తర్వాత ఇంకో ఊళ్లో గమనిస్తే అది మీ తప్పు అవుతుంది. థాయ్‌లాండ్‌లో గడువు దాటి ఉంటే రోజుకు 500 బాట్ల జరిమానా, గరిష్ఠం 20,000 బాట్లు. ఎన్ని రోజుల గడువన్నది నేనిక్కడ రాయను, ఈ నియమం మారుతూ ఉంటుంది. మీ ముద్రలో ఉన్న తేదీయే మీకు ప్రమాణం. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి ఆన్‌లైన్‌లో ముందే నింపాల్సిన ఆగమన కార్డు పెట్టింది, అదీ మరిచిపోకండి. అది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది అసలుది కాదు.

ఒక చిన్న హెచ్చరిక. థాయ్‌లాండ్‌లో వాహనాలు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి, లావోస్‌లో కుడి వైపు. వంతెన దాటాక బస్సు అవతలి వరుసలోకి మారుతుంది. రోడ్డు దాటేటప్పుడు మన మెడ అలవాటుగా కుడివైపే ముందు తిరుగుతుంది. బండి ఎడమ నుంచి వస్తుంది. మొదటి రోజు ఈ ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండండి.

లావోస్ వాళ్లు లోపలికి రానివ్వకపోతే మధ్యలో ఇరుక్కుపోతానా అని అడిగారు. ఇరుక్కుపోరు. మామూలుగా వెనక్కి పంపుతారు, థాయ్ అధికారులు తాము వేసిన బయటి ముద్రను రద్దు చేసి మళ్లీ రానిస్తారు. నోంగ్ ఖాయ్‌లో ఇది పెద్ద సమస్య కాదు. కానీ లావోస్ నుంచి వియత్నాం వెళ్లేటప్పుడు సమస్యే. మీ లావోస్ వీసా ఒక్కసారి ప్రవేశానికే. బయటికి వెళ్లిన ముద్ర పడితే అది అయిపోయినట్టే. అవతలివాళ్లు తిప్పి పంపితే మళ్లీ కొత్త వీసా, మళ్లీ డబ్బు, అదీ ఆ కొండల మధ్య. అందుకే వియత్నాం వీసా విషయంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్లకూ 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. దరఖాస్తులో ఏ ద్వారం గుండా వస్తారని అడుగుతారు. చాలామంది ఆలోచించకుండా హనోయి విమానాశ్రయం ఎంచుకుంటారు. మీరు నేల మీద వస్తున్నారు కాబట్టి మీరు దాటబోయే ద్వారం పేరే అందులో ఉండాలి. ఈ-వీసా చెల్లే ద్వారాల జాబితా ఉంటుంది, అన్ని సరిహద్దుల్లోనూ అది చెల్లదు. మీకు నేను చెప్పబోయే దారిలోని వియత్నాం ద్వారం లావో బావో ఆ జాబితాలో ఉంది.

ఇక మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు తర్వాత వస్తుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో ఒకలా, బ్యాంకు కార్డు మీద ఇంకోలా ఉంటుంది. వీసా ఫారం నింపేటప్పుడు మనం ఇంట్లో పిలుచుకునే వరుసలో రాసేస్తాం. అలా చేయకండి. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి చూడండి. అక్కడ ఇంటిపేరు, ఆ తర్వాత రెండు బాణం గుర్తులు, ఆ తర్వాత పేరు ఉంటాయి. యంత్రం చదివేది ఆ వరుసలే. ఫారంలో అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి. ఇంటిపేరు గడి పూర్తిగా ఖాళీ ఉంటే, ప్రయాణానికి మూడు నాలుగు నెలల ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మేలు. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్లను అనుమతించబోమని యుఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. అంటే ఇది మీ ఒక్క ప్రయాణానికి సంబంధించిన సమస్య కాదు. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. నేల దారిలో ముద్రలు త్వరగా పేజీలు తినేస్తాయి కాబట్టి నాలుగు ఖాళీ పేజీలు ఉండేలా చూసుకోండి.

వియంటియాన్ నుంచి హనోయికి నేరుగా బస్సు ఉంది కదా, అందులో వెళ్తానని రాశారు. ఒంటరిగా వెళ్తున్నారు కాబట్టి వద్దంటాను. దాదాపు 24 గంటల ప్రయాణం. సాయంత్రం బయలుదేరిన బస్సు తెల్లవారుజామున కొండల్లో సరిహద్దు చేరి, గేటు తెరిచేదాకా చీకట్లో ఆగి ఉంటుంది. చలి, నిద్రలేమి, ఎక్కడున్నామో తెలియదు, భాష తెలియదు. నా మొదటి షరతు తప్పేది సరిగ్గా ఇక్కడే. నేను ఒకసారి ఆ బస్సులో వెళ్లాను. ప్రమాదమేమీ జరగలేదు గానీ, గేటు దగ్గర కూర్చున్న ఆ మూడు గంటల్లో నా సంచి మీద చెయ్యి తీయలేదు.

దానికి బదులు ఇలా చేయండి. వియంటియాన్ నుంచి లావోస్‌లోనే ఉన్న సవన్నాఖెత్ వెళ్లి ఒక రాత్రి ఉండండి. పొద్దున్నే లావో బావో వైపు వెళ్లే బస్సెక్కండి. తొమ్మిదో నంబరు రహదారి మీద సుమారు 240 కిలోమీటర్లు. మధ్యాహ్నానికి సరిహద్దు చేరతారు. లావోస్ వైపు ఊరు దన్సవన్, వియత్నాం వైపు లావో బావో. దాటాక అదే రోజు సాయంత్రానికి హుయే నగరం చేరవచ్చు. దారిలో ఖే సాన్ వస్తుంది, 1968లో నెలల తరబడి పెద్ద యుద్ధం జరిగిన చోటు. ఇప్పుడు చుట్టూ కాఫీ తోటలు. హుయే నుంచి హనోయికి రైలుంది, 688 కిలోమీటర్లు. రెండు రోజులు ఎక్కువ పడుతుంది. మీకున్న సెలవులో ఆ రెండు రోజులు సర్దుకోగలిగితే సర్దుకోండి, ఇంకో ఊరు తగ్గించుకున్నా సరే.

ఇక నా రెండో షరతు ఎందుకంత గట్టిగా చెబుతున్నానో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం, ఏ సరిహద్దో చెప్పను, కొండల మధ్య ఒక చిన్న చెక్‌పోస్టు. బస్సు క్లీనర్ అందరి పాస్‌పోర్టులూ కట్టగా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆ బస్సుల్లో అది మామూలే. ముప్పావు గంట తర్వాత కట్ట తిరిగి వచ్చింది, ఎవరివి వాళ్లకు పంచాడు, అందరూ ఎక్కేశారు, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నేను మెట్టు మీద నిలబడే పేజీలు తిప్పాను. మొదటి దేశం నుంచి బయటికి వెళ్లిన ముద్ర ఉంది. రెండో దేశం ముద్ర లేదు. మళ్లీ మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాను. లేదు. ముప్పై పాస్‌పోర్టుల మధ్య నాది తెరవకుండానే పక్కకు జరిగిపోయి ఉంటుంది.

దిగిపోయాను. క్లీనర్ చెయ్యి ఊపుతూ ఎక్కమంటున్నాడు. నేను ఖాళీ పేజీ చూపించాను. అతనికి అర్థం కాలేదు, లేదా ఆలస్యమవుతుందని పట్టించుకోలేదు. నా ముందు సీట్లో వెల్లుల్లి బస్తాలతో వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. ఆవిడకు నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు. పాస్‌పోర్టు పేజీ చూసింది, వెంటనే లేచి వచ్చి బస్సు తలుపు మెట్టు మీద కూర్చుంది. ఆవిడ లేస్తే గానీ తలుపు మూసుకోదు. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తి, వరుసలో నిలబడి, ముద్ర వేయించుకుని వచ్చేదాకా ఇరవై నిమిషాలు ఆవిడ అక్కడే కూర్చుంది. ఆ ముద్ర లేకుండా ముందుకెళ్లి ఉంటే, కాగితాల ప్రకారం నేను ఆ దేశంలోకి దొంగతనంగా ప్రవేశించిన మనిషిని. హోటల్ గదికి పాస్‌పోర్టు అడిగినప్పుడు బయటపడేది, లేదా తిరిగి వచ్చే విమానం ఎక్కేటప్పుడు. ఆ పెద్దావిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి క్లీనర్ పాస్‌పోర్టులు అడిగితే, నేనూ వెంట వస్తానని సైగ చేసి కిటికీ దాకా వెళ్లి నిలబడతాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. బస్సు దిగేటప్పుడు దాని ముందు భాగాన్నీ నంబరు ప్లేటునూ ఫోటో తీసుకుంటాను. తిరిగి వచ్చేసరికి అదే రంగు బస్సులు ఐదారు నిలబడి ఉంటాయి. కానీ కౌంటర్లనూ, యూనిఫాం వేసుకున్నవాళ్లనూ, గేటునూ మాత్రం ఫోటో తీయకండి. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలకు ఒంటరిగా జవాబు చెప్పాల్సి వస్తుంది.

అధికారులు ఏం అడుగుతారంటే, చాలాసార్లు ఏమీ అడగరు. అడిగితే ఎక్కడికి, ఎన్ని రోజులు, ఎక్కడ దిగుతారు, తిరుగు టికెట్ ఉందా, డబ్బు ఎంత ఉంది. ఒంటరి ఆడవాళ్లను ఇంకొకటి అడుగుతారు: ఎందుకు ఒంటరిగా వచ్చారు, మీవాళ్లు ఎక్కడ? ఇందులో అవమానం వెతుక్కోకండి. మనుషుల అక్రమ రవాణా జరిగే దారుల్లో ఆ ప్రశ్న అడగడం వాళ్ల పని. జవాబు చిన్నది చాలు: సెలవుల్లో చూడడానికి వచ్చాను, ఫలానా రోజు తిరుగు విమానం. మొదటి రెండు రాత్రుల గది బుకింగ్, తిరుగు టికెట్, వీసా కాగితం మీద ముద్రించుకుని తీసుకెళ్లండి. ఫోనులో ఉన్నది చాలదు. సరిహద్దు దగ్గరే సిమ్ పని చేయడం మానేస్తుంది, అక్కడే చార్జింగ్ అయిపోతుంది.

డబ్బు గురించి. లావోస్ వీసాకు డాలర్లే ఇవ్వండి, బాట్లలో ఇస్తే ఎక్కువ పడుతుంది. నోట్లు కొత్తగా ఉండాలి, మడత, గీత, చిరుగు ఉంటే తిరిగి ఇచ్చేస్తారు. నేను అబిడ్స్, బషీర్‌బాగ్ వైపు విదేశీ కరెన్సీ మార్చే దుకాణాల్లో తీసుకుంటాను. 20, 10, 5, 1 డాలర్ల చిల్లర నోట్లు కావాలని ముందురోజే ఫోను చేసి చెబుతాను. నేరుగా వెళ్తే వందల నోట్లే అంటగడతారు. లావోస్ కిప్‌లు ఆ దేశం బయట ఎవరూ తీసుకోరు, సరిహద్దుకు ముందే ఖర్చు చేసేయండి. వియత్నాం డబ్బులో 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. మొదటి రోజు సున్నాలు లెక్కపెట్టుకునే ఇవ్వండి. సరిహద్దులో నోట్ల కట్టలు పట్టుకుని వెంటపడేవాళ్ల దగ్గర ఆ రోజు బస్సుకూ భోజనానికీ సరిపడా మాత్రమే మార్చుకోండి.

దళారులు ప్రతి సరిహద్దులోనూ ఉంటారు. మెడలో కార్డు వేసుకుని, ఇంగ్లిషులో మాట్లాడుతూ, వీసా ఇక్కడే చేయించుకోవాలంటూ ఒక చిన్న దుకాణంలోకి తీసుకెళ్తారు. నోంగ్ ఖాయ్‌లో మూడు చక్రాల బండివాడు నన్ను అలాగే వంతెనకు ముందు ఒక ఫారాలు నింపే దుకాణం దగ్గర బండి ఆపాడు. నేను దిగలేదు. వంతెన, వంతెన అంటూ చెయ్యి చూపించాను, తీసుకెళ్లాడు. గుర్తుపట్టడం సులువు: అసలు అధికారి కిటికీ వెనక కూర్చుంటాడు, రోడ్డు మీదికి వచ్చి మీ పాస్‌పోర్టు అడగడు. కొన్ని చోట్ల కిటికీ వెనకవాళ్లే ముద్రకు ఒకటి రెండు డాలర్లు అడుగుతారు. సెలవు రోజుల్లో, పనివేళల తర్వాత అది కొన్నిచోట్ల అధికారిక రుసుమే. నేను నవ్వుతూ రసీదు అడుగుతాను. ఇస్తే సంతోషం. ఇవ్వకపోతే కాసేపు పక్కన నిలబడతాను, చాలాసార్లు వదిలేస్తారు. చీకటి పడుతోంది, బస్సు కదలబోతోంది అంటే మాత్రం ఇచ్చి వచ్చేస్తాను. డాలరు కోసం రాత్రి అక్కడ ఉండిపోవడం నాకు సమ్మతం కాదు.

సామాను విషయంలో ఒంటరి ప్రయాణానికి ఒకటే కొలత. మీ సామానంతా మీరే మోసుకుని కిలోమీటరు నడవగలగాలి, మరుగుదొడ్డికీ దానితోనే వెళ్లగలగాలి. సంచి చూస్తూ ఉండమని చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు. నాది తొమ్మిది కిలోలు దాటదు. ఎవరి సంచినీ, ఎవరి పొట్లాన్నీ సరిహద్దు దాటించకండి. ముసలావిడ అడిగినా, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి అడిగినా, తెలుగువాళ్లే అడిగినా సరే. సింగపూర్‌లో 15 గ్రాములు దాటిన హెరాయిన్‌కు మరణశిక్ష. సంచిలో ఏముందో నాకు తెలియదన్న మాట అక్కడ నిరూపించుకోవడం ఎంత కష్టమో ఊహించండి. వంట సామాను తీసుకెళ్లే అలవాటుంటే ఇంకో మాట: మన మసాలాల్లో వేసే గసగసాలు యుఏఈలో నిషిద్ధం. వెళ్లే ప్రతి దేశానికీ ఇలాంటివి ఉంటాయి, చూసుకోండి.

మీరు అడగకపోయినా ఒక విషయం రాయాలి, ఎందుకంటే ఈ సమాధానం చదివే కుర్రాళ్లలో ఎవరికైనా పనికి రావచ్చు. రెండేళ్ల క్రితం మా బంధువుల అబ్బాయికి థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అని ఆఫర్ వచ్చింది. టికెట్ వాళ్లే ఇస్తారట. నన్ను సలహా అడిగారు. బ్యాంకాక్‌లో దిగాక కారు పంపుతాం, మే సొత్ రావాలి అని అందులో ఉంది. మే సొత్ అంటే థాయ్ సరిహద్దు పట్టణం. చిన్న మోయి నది దాటితే అవతల మయన్మార్‌లోని మ్యావడీ, సైబర్ మోసాల ముఠాలు నడిపే శిబిరాలున్న చోటు. అక్కడికి ముద్ర లేకుండా దాటించి, పాస్‌పోర్టు లాక్కుని, బలవంతంగా మోసాలు చేయిస్తారు. మన తెలుగు పిల్లలు ఎందరో అలా చిక్కుకున్నారు. 2025 మార్చిలో భారత వైమానిక దళం విమానాల్లో 549 మందిని మే సొత్ నుంచి వెనక్కి తీసుకొచ్చారు. ఆ అబ్బాయి వెళ్లలేదు. కౌంటర్ లేని చోట, ముద్ర లేకుండా ఎవరైనా సరిహద్దు దాటిద్దామంటే, ఎంత నమ్మకస్తుడైనా, అక్కడే ఆగి కేకలు వేయండి, జనంలోకి వెళ్లండి, పోలీసుల దగ్గరికి వెళ్లండి.

సరిహద్దు తెరిచే ఉందా అన్నది బయలుదేరే వారంలో మళ్లీ చూసుకోవాలి. పాకిస్తాన్ సరిహద్దులోని మన అట్టారీ ద్వారం 2025 ఏప్రిల్‌లో మూతపడింది. అదే ఏడాది థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య ఘర్షణలు జరిగి ద్వారాలు మూశారు. కంబోడియా మీదుగా టికెట్లు కొనుక్కున్నవాళ్లు ఎందరో ప్రయాణం మార్చుకోవాల్సి వచ్చింది. మీ దారిలో కంబోడియా లేదు, అయినా ఆ వైపు తిరగాలని మనసు మార్చుకుంటే ఇది గుర్తుంచుకోండి. పాస్‌పోర్టు పోతే ముందు స్థానిక పోలీసు ఫిర్యాదు, తర్వాత భారత రాయబార కార్యాలయం. బ్యాంకాక్, వియంటియాన్, హనోయి మూడింటిలోనూ మనకు కార్యాలయాలున్నాయి. అక్కడ ఇచ్చే అత్యవసర పత్రంతో ఇంటికి రావచ్చు గానీ ప్రయాణం కొనసాగించలేరు. ప్రయాణ బీమా తీసుకోండి, పాలసీ కాగితం అమ్మ దగ్గర కూడా ఒకటి ఉంచండి.

చివరిగా అమ్మ సంగతి. దాచకండి. బ్యాంకాక్‌లోనే ఉంటానని చెప్పి లావోస్ వెళ్లకండి. ఏదైనా జరిగితే ఆమె వెతకాల్సిన దేశం కూడా తప్పుగా ఉంటుంది. మా అమ్మకు ఇంగ్లిషు రాదు. బయలుదేరే ముందు తెల్లకాగితం మీద తెలుగులో దారి గీసి ఇచ్చేదాన్ని. ఊళ్ల పేర్లు, తేదీలు, సరిహద్దు ఉన్న చోట రెండు గీతలు. మొదటి గీత దగ్గరికి చేరేముందు ఒకసారి, రెండో ముద్ర పడ్డాక ఒకసారి ఫోను చేస్తానని, మధ్యలో నాలుగైదు గంటలు నా ఫోను పలకకపోవచ్చని ముందే చెప్పేదాన్ని. ఆ చివరి మాట చాలా ముఖ్యం అమ్మా, అది చెప్పకపోతే ఆ నాలుగు గంటలూ ఆవిడ అన్నం తినదు. నేను ఫోను చేయగానే మా అమ్మ ఆ గీతల మీద పెన్సిలుతో అడ్డంగా కొట్టేది. అలాంటి కాగితాలు పదకొండు ఆమె బీరువాలో చీరల కింద ఉన్నాయి. మీరు వెళ్లే ముందు అలాంటిదొకటి గీసి ఇవ్వండి. నోంగ్ ఖాయ్ దగ్గర రెండు గీతలు, లావో బావో దగ్గర రెండు గీతలు.